బడిలో మనసుకూ ఒక పరీక్ష



ఏడాదికోసారి మన ప్రభుత్వ ఉన్నత పాఠశాలల ముందు ఒక వ్యాను వచ్చి ఆగుతుంది. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం వాళ్లది. ఇద్దరు డాక్టర్లు, ఒక ఫార్మసిస్టు, ఒక ఏఎన్ఎమ్ దిగుతారు. వరండాలో రెండు బెంచీలు పడతాయి. గోడకు ఎత్తు కొలిచే టేపు, నేల మీద బరువు మిషను, ఆరు మీటర్ల అవతల కంటి పరీక్ష చార్టు. పిల్లలు రోల్ నంబర్ల వరసలో నిలబడతారు. కింది కనురెప్ప లాగి రక్తహీనత ఉందేమో చూస్తారు, నోరు తెరిపించి పుచ్చిపళ్లు చూస్తారు, గుండె మీద స్టెతస్కోపు పెట్టి వింటారు. 2013లో మొదలైన ఈ కార్యక్రమం పుణ్యమా అని, గుండెలో రంధ్రం ఉన్నట్టు ఇంట్లో ఎవరికీ తెలియని పిల్లలు ఆపరేషన్ దాకా వెళ్లి బతికి బట్టకట్టారు. దాన్ని తక్కువ చేసి మాట్లాడడం నా ఉద్దేశం కాదు.

ఆ టీము చేతిలో ఉండే ఫారంలో పదేళ్లు దాటిన పిల్లల కోసం విడిగా కొన్ని ప్రశ్నలున్నాయి. ఎప్పుడూ అలసటగా, దిగులుగా ఉంటోందా అన్నది వాటిలో ఒకటి. అది ఎలాంటి చోట అడగాల్సి వస్తుందో ఒక్కసారి ఊహించండి. తొమ్మిదో తరగతి అమ్మాయి బెంచీ ముందుకొస్తుంది. వెనకాల నలభై మంది. పక్కన రిజిస్టరు పట్టుకుని సైన్సు టీచరు. వంటషెడ్డులోంచి సాంబారు వాసన వచ్చేస్తోంది, బెల్లు కొట్టేలోగా ఇంకో సెక్షను కూడా అయిపోవాలి. “దిగులుగా ఏమైనా ఉంటుందామ్మా?” “లేదు మేడమ్.” టిక్కు. తర్వాతి రోల్ నంబరు. ఆ పిల్ల కొన్ని నెలలుగా సరిగా నిద్రపోవడం లేదని, సోమవారం వచ్చిందంటే కడుపునొప్పి అని ఇంట్లో పడుకుంటోందని, ఇదివరకు ప్రాణం పెట్టి ఆడే ఖోఖో మానేసిందని ఆ టిక్కు చెప్పదు.

ప్రభుత్వ బడుల్లో పిల్లలకు డిప్రెషన్ పరీక్ష పెట్టాలా వద్దా అన్న చర్చ ఇప్పుడు చాలా దేశాల్లో నడుస్తోంది. పెట్టాలనే నేనూ అంటాను. కాకపోతే ఏది ముందు, ఏది వెనక అన్న దగ్గర నాకు గట్టి పట్టింపు ఉంది. ఈ పూట మీతో చెప్పాలనుకున్నది దాని గురించే.

ముందు బయట ఏం జరుగుతోందో చూద్దాం. అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో 2025 జూలై 31న గవర్నర్ జె.బి. ప్రిట్జ్‌కర్ ఒక చట్టం మీద సంతకం పెట్టారు. మూడో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా ప్రభుత్వ పాఠశాలల పిల్లలందరికీ ఏడాదికి ఒక్కసారైనా మానసిక ఆరోగ్య పరీక్ష జరిగే ఏర్పాటు ఉండాలి. అమలు 2027-28 విద్యాసంవత్సరం నుంచి. ఇష్టం లేని తల్లిదండ్రులు మా పిల్లలకు వద్దని చెప్పొచ్చు. రాష్ట్రం మొత్తానికి ఇలాంటి చట్టం చేయడం ఆ దేశంలో అదే మొదటిసారి. షికాగో పక్కనున్న నేపర్‌విల్, అరోరా లాంటి ఊళ్లలో మన తెలుగు కుటుంబాలు చాలానే ఉన్నాయి. రేపు వాళ్ల ఇళ్లకూ ఈ సంగతి చెప్పే కాగితం వస్తుంది. “మావాడికేం, క్లాసులో ఫస్టు” అని ఆ కాగితాన్ని పక్కన పడేయకండని ఆ అమ్మానాన్నలకు చెప్పాలనిపిస్తుంది. మార్కులు బాగా వచ్చే పిల్లలకు దిగులుండదన్న నమ్మకం మనం సముద్రాలు దాటినా మనతోనే వస్తోంది.

అమెరికాలో ఇది రాత్రికి రాత్రి పుట్టుకొచ్చిన ఆలోచన కాదు. నివారణ వైద్యం మీద అక్కడి డాక్టర్లకు సలహాలిచ్చే నిపుణుల బృందం 2009లోనే పన్నెండు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలను డిప్రెషన్ కోసం పరీక్షించమంది. అయితే ఒక షరతు పెట్టింది. ఉందో లేదో నిర్ధారించే డాక్టరు, వైద్యం, తర్వాత మళ్లీ మళ్లీ చూసే ఏర్పాటు, ఇవన్నీ ఉన్న చోటే చేయండి అంది. మన ప్రభుత్వాలు గోడ మీద రాసి పెట్టుకోవాల్సిన షరతు ఇది.

అసలు ఆ పరీక్షలో ఏముంటుంది? రక్తం తీయరు, మిషనులో పెట్టరు. ప్రపంచంలో ఎక్కువగా వాడే ప్రశ్నావళి పేరు పీహెచ్‌క్యూ-9. రాబర్ట్ స్పిట్జర్, జానెట్ విలియమ్స్, కర్ట్ క్రోంకే తయారుచేశారు. టీనేజి పిల్లల కోసం కాస్త మార్చిన రూపమూ ఉంది. తొమ్మిదే ప్రశ్నలు. గడిచిన రెండు వారాల్లో ఏ పని మీదా ఇష్టం లేకుండా పోయిందా, మనసు కుంగిపోయినట్టు ఉందా, నిద్ర పట్టడం లేదా లేక అదేపనిగా నిద్రపోతున్నావా, ఒంట్లో ఓపిక లేదా, తిండి తగ్గిందా పెరిగిందా, నేను దేనికీ పనికిరానని అనిపిస్తోందా, చదువు మీద మనసు నిలవడం లేదా, కదలికలు మందగించాయా లేక కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నావా, చివరిది తొమ్మిదోది, చచ్చిపోతే బాగుండునని గానీ నన్ను నేను గాయపరుచుకోవాలని గానీ అనిపించిందా. ప్రతి ప్రశ్నకూ సున్నా నుంచి మూడు దాకా. మొత్తం ఇరవై ఏడు. పది, ఆ పైన వస్తే ఈ పిల్లను దగ్గర కూర్చోబెట్టుకుని మాట్లాడాలి అని అర్థం. అంతవరకే. ఆ పిల్లకు జబ్బుందని తేల్చే అధికారం ఆ కాగితానికి లేదు.

ఇలా అడగడం వల్ల ఉపయోగం ఉందా? పెన్సిల్వేనియాలో పద్నాలుగు ప్రభుత్వ హైస్కూళ్లలో 12,909 మంది పిల్లలతో ఒక అధ్యయనం చేశారు, 2021లో ఫలితాలు వచ్చాయి. కొన్ని తరగతుల్లో పిల్లలందరికీ ఈ ప్రశ్నావళి ఇచ్చారు. మిగతా తరగతుల్లో ఎప్పటిలాగే, టీచర్లకో తోటిపిల్లలకో అనుమానం వస్తే పంపించే పద్ధతి ఉంచారు. అందరికీ ఇచ్చిన చోట డిప్రెషన్ లక్షణాలున్న పిల్లలు బయటపడే అవకాశం దాదాపు ఆరు రెట్లు ఎక్కువైంది. వైద్యం మొదలయ్యే అవకాశం రెండింతలయింది.

ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడండి. కనిపెట్టడంలో ఆరు రెట్లు, వైద్యం దగ్గరికొచ్చేసరికి రెండు రెట్లు. సగటు అమెరికన్ బడిలో కౌన్సెలర్ అనే ఉద్యోగి ఉంటారు. అలాంటి చోట కూడా దారిలో ఇంత జారిపోతే, కౌన్సెలర్ గదే లేని మన జిల్లా పరిషత్ హైస్కూల్లో ఏమవుతుంది?

ఒక లెక్క వేద్దాం. కేవలం లెక్క కోసం నేననుకున్న అంకెలివి. నాలుగు వందల మంది చదివే హైస్కూలు. అందులో ఇరవై మందికి నిజంగా డిప్రెషన్ ఉందనుకుందాం. ఈ ప్రశ్నావళి వాళ్లలో పదహారు మందిని పట్టుకుంటుంది, నలుగురు తప్పిపోతారు. మిగిలిన 380 మందిలో నూటికి పదిహేను మంది, అంటే 57 మంది, జబ్బు లేకపోయినా పది దాటేస్తారు. ఆ వారం యూనిట్ టెస్టులు కావచ్చు, ఇంట్లో గొడవ కావచ్చు, స్నేహితురాలు మాట్లాడడం మానేసి ఉండొచ్చు. మొత్తం 73 మంది పేర్లు చేతికొస్తాయి. వాళ్లలో నిజంగా వైద్యం కావాల్సినవాళ్లు పదహారు మందే. ఆ పదహారు మంది ఎవరో తేల్చాలంటే 73 మందితోనూ ఒక్కొక్కరితో తలుపు దగ్గరకు వేసి అరగంట మాట్లాడే మనిషి కావాలి. ఆ మనిషి లేకపోతే మిగిలేది 73 పేర్ల జాబితా. అది స్టాఫ్ రూములో ఒక మధ్యాహ్నం నలిగితే చాలు, సాయంత్రానికి ఊళ్లో ఉంటుంది.

ఊళ్లో ఉంటే ఏమవుతుందో మనకు తెలుసు. హైదరాబాదులో ఎవరినైనా ఎగతాళి చేయాలంటే ఎర్రగడ్డకు పంపాలంటారు. విశాఖపట్నంలో అయితే చినవాల్తేరు పేరెత్తుతారు. ఎందరికో ప్రాణం నిలబెట్టిన ఆ రెండు మానసిక ఆసుపత్రులనూ మనం తిట్టుగా మార్చేశాం. అలాంటి చోట పద్నాలుగేళ్ల ఆడపిల్ల పేరు ఒక జాబితాలో పడితే, వాళ్లమ్మకు వచ్చే మొదటి భయం జబ్బు గురించి కాదు, రేపటి పెళ్లి గురించి. ఆ భయాన్ని చూసి కోప్పడి లాభం లేదు. ఆ తల్లి బతికే చోటు అలాంటిది.

ఊరూరా కంటి పరీక్షలు చేసిన కంటి వెలుగు కార్యక్రమం గుర్తుందా? తెలంగాణలో 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో మొదలైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరులో ఆ పేరుతోనే బడి పిల్లలతో మొదలుపెట్టారు. జనం ఎందుకు బారులు తీరారు? చివరి బల్ల మీద కళ్లద్దాలున్నాయి కాబట్టి. చూపు తగ్గిందని చెప్పి, అద్దాలు మీరే ఎక్కడైనా కొనుక్కోండని పంపేసి ఉంటే రెండో రోజుకే శిబిరం ఖాళీ అయ్యేది. ఈ సంగతి వైద్యశాస్త్రం ఎప్పుడో చెప్పింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం 1968లో విల్సన్, యుంగ్నర్ అనే ఇద్దరు నిపుణులు ఏ జబ్బుకైనా అందరినీ పరీక్షించే ముందు చూసుకోవాల్సినవి రాశారు. ఒప్పుకోదగ్గ వైద్యం ఉండాలి, నిర్ధారణకూ వైద్యానికీ వసతులు ఉండాలి అన్నవి అందులో ముఖ్యమైనవి.

అందుకని నేననేది ఇది. మన బడుల్లో ముందు మనిషిని పెట్టాలి, ఆ తర్వాత కాగితం పంచాలి. మనిషి రాకముందే కాగితం పంచితే అది పిల్లలకు చేసే హాని.

ఆ మనిషి ఎవరు? వెంటనే వచ్చే జవాబు: టీచర్లున్నారుగా, రెండు రోజులు శిక్షణ ఇస్తే సరి. మన టీచర్ల మీద ఇప్పటికే ఎన్ని పనులున్నాయో విద్యాశాఖలో అందరికీ తెలుసు. హాజరు యాప్, మధ్యాహ్న భోజనం యాప్, ఫొటోలు అప్‌లోడ్ చేయడం, ఓటర్ల జాబితా, జనగణన. అయినా పని భారం సంగతి కాసేపు పక్కన పెడదాం. బీహార్‌లో నలందా జిల్లాలో డెబ్బైకి పైగా ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో ఒక పెద్ద ప్రయోగం జరిగింది. డాక్టర్ విక్రమ్ పటేల్‌తో పాటు గోవాలోని సంగాత్ సంస్థ పరిశోధకులు చేశారు, 2018లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. కొన్ని బడుల్లో ఉన్న టీచరుకే శిక్షణ ఇచ్చి పిల్లల బాగోగులు చూడమన్నారు. కొన్ని బడుల్లో బయటి నుంచి ఒక మనిషిని ఆ పని మీదే పెట్టారు. ఆ మనిషి సైకాలజిస్టు కాదు, మామూలు చదువు చదివి శిక్షణ పొందిన వ్యక్తి. ప్రార్థన సమయంలో పిల్లలతో మాట్లాడడం, గోడపత్రిక నడిపించడం, పేరు రాయకుండా చీటీ వేసే పెట్టె ఒకటి పెట్టడం, వచ్చిన పిల్లలతో విడిగా కూర్చోవడం, పని ఇదే. ఏడాది తిరిగేసరికి బయటి మనిషి ఉన్న బడుల్లో పిల్లల్లో డిప్రెషన్ లక్షణాలు తగ్గాయి, ఒకరినొకరు ఏడిపించుకోవడం తగ్గింది, బడి మీద ఇష్టం పెరిగింది. టీచరుకే అప్పగించిన బడుల్లో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు.

ఇందులో టీచర్ల తప్పేమీ లేదు. లెక్కల్లో మార్కులు వేసే మనిషి దగ్గరికి వెళ్లి “సార్, నాకు బతకాలని లేదు” అనడం ఏ పిల్లాడికైనా కష్టమే. పైగా ఆ సారు ఊళ్లో నాన్నకు తెలిసినవాడు. ఈ ప్రయోగంలో నాకు అన్నిటికంటే ధైర్యమిచ్చిన సంగతి వేరే ఉంది. ప్రతి బడికీ సైకియాట్రిస్టు కావాలంటే మన తరంలో అయ్యే పని కాదు. డిగ్రీ చదివి, ఓపికగా వినడం నేర్చుకున్న ఒక యువతిని గానీ యువకుణ్ణి గానీ జీతమిచ్చి పెట్టుకోవడం మన రాష్ట్రాలకు అయ్యే పనే. అలాంటి పిల్లలు ప్రతి మండలంలోనూ ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నారు.

చట్టం కూడా ఇప్పుడు ఆ వైపే ఉంది. విశాఖపట్నంలో నీట్ కోచింగు తీసుకుంటూ చనిపోయిన పదిహేడేళ్ల అమ్మాయి కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. జస్టిస్ విక్రమ్ నాథ్, జస్టిస్ సందీప్ మెహతా ఇచ్చిన తీర్పు అది. వంద మంది, అంతకుమించి విద్యార్థులున్న ప్రతి సంస్థలోనూ పిల్లల మానసిక ఆరోగ్యంలో శిక్షణ ఉన్న కౌన్సెలర్ గానీ సైకాలజిస్టు గానీ సోషల్ వర్కరు గానీ కనీసం ఒకరు ఉండాలి. వందలోపు ఉన్నవి బయటి నిపుణులతో అధికారికంగా సంబంధం పెట్టుకోవాలి. సిబ్బంది అందరికీ ఏడాదికి రెండుసార్లు శిక్షణ. మార్కులను బట్టి సెక్షన్లు విడగొట్టడం, నలుగురిలో అవమానించడం కూడదు. ఒక తెలుగు ఊళ్లో ఒక బిడ్డ పోయినందుకు వచ్చిన తీర్పు ఇది. దీన్ని ముందుగా అమలు చేయాల్సిన బాధ్యత మన మీదే ఎక్కువ అని నేను నమ్ముతాను. 2022 ఒక్క ఏడాదిలో దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. అంత మందిని పోగొట్టుకుంటూ ఇంకా సర్క్యులర్ రాలేదని కూర్చోవడం సబబు కాదు.

ఇక తొమ్మిదో ప్రశ్న. తల్లిదండ్రుల కమిటీలో ఈ విషయం ఎత్తితే ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: చావు గురించి మనమే అడిగి లేనిపోని ఆలోచన పుట్టించడం కాదా అని. న్యాయమైన భయం. దీన్నే మ్యాడలిన్ గూల్డ్ అనే పరిశోధకురాలు న్యూయార్క్ రాష్ట్రంలో ఆరు హైస్కూళ్లలో 2,342 మంది పిల్లల మీద పరీక్షించి 2005లో ప్రచురించారు. సగం మందిని ఆత్మహత్య గురించి అడిగారు, సగం మందిని అడగలేదు. అడిగినవాళ్లలో బాధ గానీ అలాంటి ఆలోచనలు గానీ పెరగలేదు. పైగా అప్పటికే దిగులుతో ఉన్న పిల్లలు, అడిగిన తర్వాత కొంచెం తేలికపడ్డట్టు కనిపించింది. మనసులో పెట్టుకుని నలిగిపోతున్న మాటను ఒకరు అడిగారన్నదే ఆ పిల్లకు ఊరట.

కానీ అడిగితే ఆ రోజే వినాలి. తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక వేరే ఏ అంకె పెట్టినా, మొత్తం స్కోరు రెండే అయినా సరే, ఆ పిల్ల బడి దాటి ఇంటికి వెళ్లేలోగా ఒక మనిషి ఆమెతో మాట్లాడి ఉండాలి. శుక్రవారం ప్రశ్నావళి ఇచ్చి సోమవారం దిద్దుకుందాం అంటే కుదరదు. ఇంకా చెప్పాలంటే శని, ఆదివారాలకు ముందు రోజు ఈ పరీక్ష పెట్టనే కూడదు. సంక్రాంతి, దసరా సెలవులకు ముందు వారం కూడా వద్దు. ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలిమానస్ ఫోను నంబరు 14416 ఉంది. పైసా ఖర్చు లేదు, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ ప్రసంగం వింటున్నవాళ్లలో ఎవరికైనా ఇప్పుడే అవసరం ఉంటే ఇప్పుడే చేయండి, ఒకటి నాలుగు నాలుగు ఒకటి ఆరు.

తల్లిదండ్రుల అనుమతి సంగతి ఆషామాషీగా చూడొద్దు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో పుట్టిన టీన్‌స్క్రీన్ అనే కార్యక్రమం చాలా రాష్ట్రాల బడుల్లో పిల్లలను పరీక్షించింది. మంచి ఉద్దేశంతో మొదలైందే. కానీ కొన్ని బడుల్లో వద్దని రాసి పంపకపోతే ఒప్పుకున్నట్టే లెక్కగట్టారు. ఇండియానాలో ఒక కుటుంబం 2005లో కోర్టుకెక్కింది. విమర్శలు ఆగలేదు, 2012లో కార్యక్రమమే మూతపడింది. మన దగ్గర ఇంటికి పంపిన కాగితాన్ని చదివి చెప్పేది చాలాసార్లు ఆ పిల్లే. అందుకని కాగితం ఒక్కటే చాలదు. తల్లిదండ్రుల సమావేశంలో ఏఎన్ఎమ్ లేచి నిలబడి, ఇది పిచ్చికి పరీక్ష కాదమ్మా, పిల్ల నిద్రపోతోందా, తింటోందా, మనసు బాగుందా అని కనుక్కోవడం అని నోటితో చెప్పాలి. అడిగినవాళ్లకు ఆ తొమ్మిది ప్రశ్నలూ చదివి వినిపించాలి. దాచే కొద్దీ అనుమానం పెరుగుతుంది.

కాగితాలు ఎక్కడ ఉంటాయన్నది కూడా ముందే తేలాలి. హెడ్మాస్టరు బీరువాలో వద్దు, ఏ యాప్‌లోనూ వద్దు, వాట్సాప్ గ్రూపులో అసలే వద్దు. పేర్లు కౌన్సెలర్ దగ్గరే ఆగిపోవాలి. పైకి వెళ్లేవి అంకెలు మాత్రమే.

గురుకులాల పిల్లల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అక్కడ పిల్లలు రాత్రులు కూడా అక్కడే. అమ్మానాన్నలు వలస పోయి ఉంటారు. నెలకోసారి చూడడానికి వచ్చే ఆదివారం తమవాళ్లు రాని పిల్లలు ఎవరో వార్డెనుకు తెలుసు, వంటమ్మకు ఇంకా బాగా తెలుసు. పళ్లెంలో అన్నం వదిలేస్తున్నదెవరో మొదట కనిపించేది ఆవిడకే. కౌన్సెలర్ అనే మనిషి వచ్చాక ముందుగా వెళ్లి మాట్లాడాల్సింది వంటగదిలో అని నా అభిప్రాయం. ఇందాకటి లెక్కలో ప్రశ్నావళికి చిక్కకుండా తప్పిపోయిన ఆ నలుగురు అలా దొరికే అవకాశం ఉంది.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటే, రాష్ట్రమంతా ఒకేసారి వద్దు. జిల్లాకు ఒక మండలం తీసుకోండి. జూన్‌లో కౌన్సెలర్ రావాలి. రెండు నెలలు పిల్లలతో, టీచర్లతో తిరగనివ్వండి, ముఖం అలవాటు కానివ్వండి. జిల్లా ఆసుపత్రిలో సైకియాట్రిస్టు వారంలో ఏ రోజు ఈ బడుల పిల్లలను చూస్తారో, బస్సు చార్జీ ఎవరిస్తారో ఆగస్టులోపు తేలాలి. ఎక్కువమంది పిల్లలకు మందులు అవసరం పడవు. నాలుగైదుసార్లు కూర్చుని మాట్లాడితే, నిద్ర సరిచేస్తే, ఇంట్లోనో బడిలోనో ఒక చిక్కు విప్పితే సరిపోతుంది. కొద్దిమందికి డాక్టరు, మందు తప్పవు. ఇవన్నీ కుదిరాక సెప్టెంబరులో ప్రశ్నావళి ఇవ్వండి. వరండాలో కాదు, తరగతి గదిలో, ఎడం ఎడంగా కూర్చోబెట్టి. మార్చిలో కలెక్టరు సమీక్ష పెడితే ఎంతమందిని పరీక్షించారన్న లెక్క రెండో కాగితంలో ఉండనివ్వండి. స్కోరు పది దాటిన పిల్లల్లో కౌన్సెలర్ కలిసింది ఎందరిని, రెండోసారి కలిసింది ఎందరిని, ఆసుపత్రికి పంపినవాళ్లలో నిజంగా వెళ్లినవాళ్లు ఎందరు, ఈ మూడు అంకెలూ మొదటి కాగితంలో అడగమని నా విన్నపం. ఆ మూడూ బాగున్న మండలం పక్క మండలానికి నేర్పుతుంది. బాగోలేకపోతే పక్క మండలంలో మొదలుపెట్టకుండా ఆగాలి.